ఎత్తుగా పెట్టిన సిమెంటు

శనివారం పోటీలో కార్నెట్ బూర మీద ఒంటరిగా వాయించే పాట ఎడిత్ సగ్డెన్‌ది. యార్క్‌షైర్‌లోని ఆ మిల్లు ఊరి బ్యాండులో ఆమె జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ అది ఆమెదే. సోమవారం రిహార్సల్లో పై స్వరం కీచుమని తెగిపోయింది. బ్యాండుమాస్టర్ టెడ్ అందరి ముందూ, "వయసు మీద పడుతోంది కదా ఎడీ, ఈసారికి వదిలెయ్," అని పాటను ఓ కాలేజీ పిల్లకు ఇచ్చేశాడు.

వయసా, నా మొహమా! దవడ పన్నుకు సిమెంటు పెట్టించుకున్నప్పటి నుంచి పన్నూ పన్నూ తగిలితే చాలు, ప్రాణం జివ్వుమంటోంది; బూర ఊదడానికి దవడ బిగించినా అంతే. ఆ రోజు డాక్టరు, "కొరికి చూడండి, బాగుందా?" అని అడిగాడు. మత్తుమందుకు సగం మొహం తన స్వాధీనంలో లేదు. అయినా మర్యాద ఊరుకుంటుందా? ఇల్లు తగలబడుతున్నా "బాగున్నామండీ" అనే ఇంగ్లీషు జాతి మరి. "చక్కగా ఉంది, థాంక్స్," అనేసింది. తర్వాత ఫోన్ చేస్తే కౌంటరు దగ్గరి అమ్మాయి, "అదే సర్దుకుంటుందండీ," అని పెట్టేసింది. మళ్లీ చేసినా అదే పాట. పాపం, ఎడిత్ టీ కూడా చల్లార్చుకుని ఓ పక్కనుంచే తాగుతోంది.

మంగళవారం ఫోనూ గీనూ లేకుండా నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చుంది. డాక్టరు పంటికి రంగు అంటే నీలం కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్నచోట రవ్వంత అరగదీశాడు. నిమిషం కూడా పట్టలేదు. పళ్లు హాయిగా కలిశాయి. సంతోషించాల్సింది పోయి, ఎడిత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ మాత్రం దానికా నన్నిన్నాళ్లు ఏడిపించారు?"

"మీరే బాగుందన్నారు కదండీ."

"మొద్దుబారిన నోట్లో ఇటుక పెట్టినా బాగుందనేదాన్నయ్యా! మత్తు దిగాక మొత్తుకున్నానే, అప్పుడెవరు విన్నారు?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సారీ అండీ."

"నాకు కాదు, టెడ్‌కి చెప్పు. నా పని అయిపోయిందని ఊరంతా అనుకుంటోంది." ఫోన్ కలిపి అతని చేతిలో పెట్టింది.

"ఆవిడ పంటికి చిన్న సర్దుబాటు..." అని నసిగాడు డాక్టరు.

"సర్దుబాటేంటి? తప్పు అను."

"తప్పు జరిగిందండీ."

"ఎవరిదో కూడా చెప్పు."

పక్కనున్న నర్సు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. "మాదేనండీ," అన్నాడు డాక్టరు. అటువైపు టెడ్ ఏదో అడిగాడు. "శనివారం వాయించగలరా అంటున్నారండీ..."

"అది నన్నడగాలి." ఎడిత్ ఫోన్ లాక్కుంది. "టెడ్, సాయంత్రం రిహార్సల్‌కి వస్తున్నా. నిన్న అందరి ముందూ అన్న మాట, అందరి ముందే వెనక్కి తీసుకో. పాట సంగతి ఆ తర్వాత మాట్లాడదాం."