నీళ్ళకొచ్చినవాళ్ళు

1986 జూలై 6, ఆదివారం. పొద్దుటినుంచీ ముసురు పట్టి, పదకొండు దాటాక తెరిపిచ్చింది. ఆ వెనకే ఉక్కపోత. కలకత్తా మెటియాబ్రుజ్‌లో తెలుగువాళ్ళ లైను ఇళ్ళ ముందు చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. గోవిందరాజు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పంచె అంచుతో తుడుచుకుని, అరుగు మీద కూర్చుని చరిత్ర పుస్తకం తెరిచాడు.

అతను ఖిదిర్‌పూర్ ఓడరేవులో వించి నడుపుతాడు. ఓడ కడుపులోంచి బరువులు పైకి లాగే యంత్రం అది. వయసు నలభై ఆరు, చదువు మూడో తరగతి. లైనులో తెలుగు బడికున్న ఒక్క మాస్టారూ ఎండాకాలం సెలవులకి బరంపురం వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయనకేమైందో ఎవరూ కనుక్కోలేదు. అప్పట్లో మాస్టార్లు అలాగే వచ్చేవారు, అలాగే పోయేవారు. సరే, సంగతికొద్దాం. ఆ ఏడు మే డే నాడు యూనియన్ సభలో ఎవరో ఫ్రెంచి విప్లవం గురించి ఆవేశంగా మాట్లాడారు. ఇరవై ఏళ్ళుగా ఎర్రజెండా మోస్తున్న గోవిందరాజు పక్కనున్న బెంగాలీ మిత్రుణ్ణి అడిగాడు, "ఇంత గొడవ చందన్‌నగర్‌లో ఎప్పుడు జరిగింది దాదా? జగద్ధాత్రి పూజకి ఏటా వెళ్తున్నాను, అక్కడెవరూ చెప్పలేదే!"

చందన్‌నగర్ ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు. హౌరాలో లోకల్ ఎక్కితే గంటలో దిగొచ్చు. గోవిందరాజుకి తెలిసిన ఫ్రెంచి దేశం అదొక్కటే. నవ్వు పక్క వరసకి, అక్కణ్ణించి వేదిక దాకా పాకింది. ఆ వారమే తెలుగు సంఘం లైబ్రరీవాళ్ళు చెదలు తిన్న పుస్తకాలు పారేస్తుంటే, పదో తరగతి చరిత్ర పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు.

అక్షరం మీద వేలుపెట్టి, పైకే చదువుతాడు. చదివిన కాసేపటికి ఆ పేజీలోని వాళ్ళు వీధి కుళాయి దగ్గరికి నీళ్ళకొస్తారు. రాజులూ సేనాపతులూ రారు. 'వేలాది మంది' అని ఒక్క ముక్కలో పోయినవాళ్ళే వస్తారు. పిరమిడ్లకి రాళ్ళు లాగినవాళ్ళు భుజాల మీద తాళ్ళ ఒరిపిడితో వచ్చారు. రొట్టె కోసం ఊరేగిన ఫ్రెంచి ఆడవాళ్ళు వరసలో ముందెవరని లైనులోని ఆడవాళ్ళతో చేతులు తిప్పుతూ తగువు పడ్డారు. తాగి, ఎటువాళ్ళటు వెళ్ళిపోతారు.

"మావా, ఈ ఆదోరం ఏ దేశపోలు?" అంది భార్య జగ్గమ్మ గుమ్మంలోంచి. "నీల్లతో సరా, గెంజి కూడా కాయాలా? మొన్న ఆ మంచులో నడిసినోలు కుండడు తాగీసినారు."

"సలిదేశపోలు. పోన్లే."

"అయితే మన రేషన్‌కార్డులో ఆల్ల పేర్లు కూడా ఎక్కించీ."

లోపల మంచం మీంచి తల్లి అమ్మన్నమ్మ గొంతు లేచింది. "ఒరే గోయిందూ, ఆ పుస్తకంలో మీ అయ్య ఊసున్నాదేట్రా?"

"నేదే అమ్మా."

"ఎందుకుంటాది! రంగం దాన్ని కట్టుకుని ఉండిపోయినోడి ఊసు ఎవుడు రాస్తాడు?"

రంగమంటే శ్రీకాకుళం తీరం నుంచి మగవాళ్ళు ఓడెక్కి కూలికి పోయే దేశం. గోవిందరాజు కడుపులో ఉండగా తండ్రి గవరయ్య తన తమ్ముడు పెద్దిరాజుని వెంటబెట్టుకుని రంగం వెళ్ళాడు. పిల్లాడికి మూడో ఏడు నడుస్తుండగా పెద్దిరాజు ఒక్కడే తిరిగొచ్చాడు. "అన్న అక్కడ మారుమనువు సేసుకున్నాడు. రానన్నాడు" అని చెప్పి, ఇద్దరికీ ఉమ్మడైన జీడితోట తనే ఏలుకున్నాడు. ఊరి చూపులు పడలేక అమ్మన్నమ్మ బిడ్డనెత్తుకుని కలకత్తా వచ్చి జనపనార మిల్లులో చేరింది. మళ్ళీ ఊరి మొహం చూడలేదు.

ఇప్పుడు ఆమె గుండె నీరసించింది. డాక్టరు పెదవి విరిచాడు. ఆమెకి చావంటే బెంగ లేదు. "ఒగ్గీసినోడి పెళ్ళాన్నో, ముండమోపినో తెలకుండా పోతన్నాన్రా" అనేది. "నాకు నీల్లొదిలేటప్పుడు మీ అయ్య పేరెత్తీకు."

దుర్గాపూజ పందిళ్ళకి వెదుళ్ళు దిగుతున్న రోజుల్లో గోవిందరాజు రెండో ప్రపంచ యుద్ధానికి చేరాడు. "1942లో జపాను సేనలు రంగూన్‌ను ఆక్రమించాయి. వేలాది మంది భారతీయులు కాలినడకన స్వదేశానికి బయలుదేరారు." అంతే. తర్వాతి వాక్యంలో పుస్తకం ఇంకో దేశం వెళ్ళిపోయింది. రంగూన్ జపానులో ఊరు కాబోలనుకుని అతనూ పేజీ తిప్పాడు.

కుళాయి దగ్గర బిందె కిందపడ్డ చప్పుడైంది. "మావా! ఈల్లు మనోల్లు!" అని జగ్గమ్మ కేక.

సందు ఈ చివరినుంచి ఆ చివరిదాకా జనం. పాదాలకి గుడ్డపేలికలు. తట్టల్లో పిల్లలు. "ఓలమ్మా, సుక్క నీల్లు" అంటున్నారు.

"ఎక్కణ్ణించి బావూ?" అన్నాడు గోవిందరాజు.

"రంగం నుంచి నడిసొస్తన్నాం."

అతను పేజీ వెనక్కి తిప్పాడు. రంగూన్ అన్న మాట మీద వేలు పెట్టి, సగం దగ్గర ఆపి, మళ్ళీ చదివాడు. ఆ వేలు అక్కడినుంచి కదల్లేదు.

పక్కింటి పోలయ్య చెంబుతో పరిగెత్తుకొచ్చాడు. అతని తండ్రీ రంగం వెళ్ళి కబురు లేనివాడే. ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ వరస వెంబడి పోయాడు.

అమ్మన్నమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పాతికేళ్ళ కుర్రవాడొకడు ఆమె ముందు దోసిలి పట్టాడు. ఆ ముక్కు, ఆ దవడ గోవిందరాజు పెళ్ళినాటివి.

"పెద్దమ్మా, కాసిన్ని నీల్లు పొయ్యవా?"

ఆమె పోసింది. ధార తెగలేదు. అతను తాగాడు, తాగాడు.

"ఇంత దాగమేటి నాయనా?"

"కొండలకాడ జొరమొచ్చింది పెద్దమ్మా. మా పెద్దిరాజు నన్ను సెట్టు కింద కూకోబెట్టి, నీల్లు తెస్తానని ఎల్లినాడు. ఇంకా రానేదు."

"ఎప్పుడది?"

"ఉగాది నెల ఆకర్న. సెందురుడు లేని రేత్రి. మరి నాకు తెల్లారనేదు."

"ఇప్పుడెక్కడికి?"

"ఇంటికే. ఆడదుంది. కొడుకు పుట్టినాడని కబురొచ్చింది, ఇంకా సూడనేదు."

అమ్మన్నమ్మ పక్కనున్న కొడుకు నెరిసిన తల వంక చూసింది. "మంచి గుంటడు. నీ పోలికే" అంది.

"నువ్వు సూసినావేటి?" అని నవ్వాడు కుర్రవాడు.

"సూసినాను. ఎల్లు నాయనా. నీ ఆడది నిన్నేటీ అనదు."

జనం నది వైపు కదిలారు, అతనూ కదిలాడు. సందు ఖాళీ అయ్యాక అమ్మన్నమ్మ అరుగు మీద కూర్చుని, తడిచేత్తో తన బొట్టు తనే తుడుచుకుని, గొంతెత్తి ఏడ్చింది. లైనులో ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. మొగుడు పోయినదాన్ని ఎలా ఓదారుస్తారో అలాగే ఓదార్చారు.

డాక్టరు చెప్పింది జరగలేదు. పూజలయ్యాక ఆమె కొడుకుతో మద్రాసు మెయిలెక్కి ఊరెళ్ళింది. పెద్దిరాజు ముసలివాడై నులకమంచం మీద ఉన్నాడు. ఆమె కూర్చోనైనా కూర్చోకుండా, "నువ్వు తెస్తానన్న నీల్లు మీ అన్నకి నాను పోసీసినాన్రా" అంది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పెద్దమనుషుల్ని పిలిపించి తోట మధ్యలో కంచె వేయించాడు.

అమ్మన్నమ్మ ఆ ఊళ్ళోనే ఉండిపోయి, రెండేళ్ళ తర్వాత అక్కడే పోయింది. ఆమె వెండి కడియాలు జగ్గమ్మకొచ్చాయి. జీడితోటలో సగం గోవిందరాజుకొచ్చింది. దాంతోపాటు తండ్రి తిథి, చైత్ర అమావాస్య కూడా అతనికే వచ్చింది. ఏటా ఆ రోజు గంగలో దిగి, తల్లి పేరూ తండ్రి పేరూ కలిపి నీళ్ళొదులుతాడు.

పోలయ్యకి ఏమీ రాలేదు. ఆదివారాలు వచ్చి అరుగు మీద కూర్చుని, ఆ పేజీ మళ్ళీ చదవమంటాడు. ఒకసారి వచ్చి వెళ్ళినవాళ్ళు రెండోసారి రారని ఇద్దరికీ తెలుసు. అయినా గోవిందరాజు ఆ రెండు వాక్యాలూ నెమ్మదిగా, ఒక్క అక్షరం మింగకుండా చదువుతాడు. పోలయ్య పొద్దుగూకేదాకా సందు వంక చూసి, నిండు చెంబు నిండుగానే ఇంటికి పట్టుకుపోతాడు.