అద్దంలో స్తంభం

ఆదివారం పొద్దున ఉతికిన బట్టలు కారు షెడ్డులో ఆరేస్తుంటే షెడ్డు స్తంభం మీది గీతలు కళ్ళబడ్డాయి. అవన్నీ కారు వెనక్కి పెడుతూ నేను చేసిన ఘనకార్యాలే. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన వాటిని చూపించకుండా పంపరు. "మా ఆవిడ ముందుకైతే ఎంత దూరమైనా పోతుంది, వెనక్కే రాలేదు" అని నవ్వుతారు. ఆ జోకు మా ఆఫీసు విందులో కూడా వేశారు. మా పై అధికారి పగలబడి నవ్వి, దాన్ని భద్రంగా గుర్తుపెట్టుకున్నారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. చెరువుల దగ్గరికీ బోర్ల దగ్గరికీ వెళ్ళి నమూనాలు పట్టుకొచ్చే ఉద్యోగం ఈమధ్య ఖాళీ అయింది. ఎవరో సీసాల్లో తెచ్చిన నీళ్ళు చూడటమే కానీ, ఆ నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఎక్కడ పారతాయో నేనెప్పుడూ చూడలేదు. ఆ ఉద్యోగం నాకు కావాలి, నోరు తెరిచి అడిగాను. వ్యాను సందుల్లో రివర్స్ చెయ్యాలి, మీకు రాదటగా అన్నారు అధికారి. సోమవారం నడిపి చూపిస్తానని అనేసి వచ్చాను. ఇంటికొచ్చి, భయంగా ఉందని మా ఆయనతో అన్నాను.

మా ఆయన చెడ్డవారేం కాదు. భయం పోగొట్టుకోవడం ఎలా, ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలా అంటూ వీడియోలు పంపారు. కూరలు తరుగుతూ కొన్ని, గిన్నెలు కడుగుతూ కొన్ని విన్నాను. అద్దం ముందు నిలబడి "నేను చెయ్యగలను" అనుకోమన్నాడు అందులో ఒకాయన. అలాగే అనుకుంటూ నిలబడితే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

తడి తువ్వాలు దులుపుతూ స్తంభాన్నే చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది. గీతలన్నీ దీనికే ఎందుకు? కూరగాయల బజారుకీ, అత్తయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికీ, పాపని ట్యూషనుకీ తిప్పేది నేనే. డాక్టరు దగ్గరైతే రెండు కార్ల మధ్య ఇరుకులో వెనక్కే పెడతాను. అక్కడ ఎవరి కారుకీ చిన్న గీత కూడా పడలేదు. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకే తట్టలేదు. భయమైతే ఊరంతా నా వెంట తిరగాలి కానీ, వచ్చి మా షెడ్డులోనే కాపరం పెట్టడమేమిటి?

మా ఆయన స్నేహితుడింటికి వెళ్ళారు. తాళాలు తీసుకుని కారు బయటికి తీశాను. వెనక్కి పెట్టాను. నేరుగా, ఎక్కడా తగలకుండా వచ్చి కూర్చుంది. నమ్మబుద్ధి కాక మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను. అదే తీరు.

మరి ఆయన ఉంటే ఏమవుతోంది? చూడాలనిపించింది. బట్టల స్టాండు లాక్కొచ్చి, నేను కారు పెట్టేటప్పుడు ఆయన రా, ఆగు అని చేతులూపుతూ నిలబడే చోట పెట్టి, దానికి ఆయన నీలం చొక్కా తగిలించాను. కారెక్కి అద్దంలోకి చూస్తే చొక్కా తప్ప ఏమీ లేదు. స్తంభం సరిగ్గా దాని వెనకాల ఉంది. ఇంకో వింత కూడా చూశాను. చొక్కాకి నోరు లేదు, అయినా అది ఎప్పుడు ఆగమంటుందా అని నా కాలు ఎదురుచూస్తోంది. ఎదురుచూస్తూనే వెళ్ళి స్టాండుని గుద్దాను. ఆయనైతే ఆఖర్న పక్కకి గెంతుతారు, నాకు స్తంభం దొరుకుతుంది.

ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. కూరలో ఉప్పు వేశాక కూడా ఎవరో ఒకరు సరే అనేదాకా గరిటె పట్టుకుని నిలబడే మనిషిని నేను. ఇంకా ఎక్కడెక్కడ ఇలా నిలబడిపోయానో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ స్టీరింగు ముందు కూర్చుండిపోయాను.

చప్పుడుకి అత్తయ్య బయటికొచ్చారు. పడున్న స్టాండునీ చొక్కానీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"కుట్టు మిషను నేర్చుకునేటప్పుడు మీ మామయ్య ఇలాగే నా వెనక నిలబడేవారు" అన్నారు. "ప్రతి కుట్టుకీ ఓ మాట. నాకే చెయ్యి తిరగదనుకుని మానేశాను."

స్టాండు లేవనెత్తి, తనే పక్కకి జరిపి లోపలికి వెళ్ళారు.

సాయంత్రం మా ఆయన ఫోను చేస్తే వెళ్ళి ఎక్కించుకొచ్చాను. గేటు దగ్గర అలవాటుగా దిగి, కారు వెనక్కి వెళ్ళి చేతులు లేపారు. రేపు సెలవు పెడతాననీ, పరీక్ష దగ్గర కూడా వెనక నిలబడి చెప్తాననీ, భయపడొద్దనీ అన్నారు.

కిటికీ అద్దం దించాను. "వద్దండీ. మీరు అక్కడ నిలబడితే నాకు స్తంభం కనిపించట్లేదు."

ఆయన నవ్వారు. "నేను చెప్తుంటే నీకు కనిపించాల్సిన పనేముంది?"

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నారు. పెళ్ళైనప్పట్నించీ ఈ ఇంట్లో నాకు చెబుతూ వచ్చింది ఇదేనని అప్పుడు తెలిసింది. ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాను. ఆయన కదులుతారా లేదా అని నాకూ చూడాలనే ఉంది.

వరండాలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "పక్కకి రారా. దాన్ని చూసుకోనీ."

ఆయన చేతులు దించి పక్కకి జరిగారు. అద్దంలో స్తంభం కనిపించింది, అడుగు నించి పైదాకా, నా గీతలతో సహా. రివర్స్ గేరు వేశాను.