ఫాంటు లేని పాటల పుస్తకం

సికింద్రాబాద్ స్టేషన్ వెనక సందులో సత్యదేవ్ నడిపే డీటీపీ సెంటర్లో హదస్సా పద్దెనిమిదేళ్లుగా టైపు కొడుతోంది. ఆ ఉదయం ఆమె కుర్చీలో సత్యదేవ్ బావమరిది జయకృష్ణ కూర్చున్నాడు. బేగంపేటలో ఏదో ఆఫీసులో ఉద్యోగమట. సెలవు రోజున కూడా మెడలో ఆ ఆఫీసు కార్డు వేలాడుతూనే ఉంది.

పాత కంప్యూటర్‌కు కొత్త బోర్డు, కొత్త డిస్కు బిగించాడు. ఇక కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి.

“తమ్ముడూ, పాత డిస్కుల తెలుగు ఫాంట్లున్నయ్. జెర ముందు అవి తీసి పెట్టు” అంది హదస్సా.

“ఆ ఫాంట్లు ఇంకా ఎవరు వాడుతున్నారు ఆంటీ? ఇప్పుడంతా యూనికోడ్, వేరే ఫాంటు లేకపోయినా తెలుగు కనిపిస్తుంది. మీ ఫైల్స్ కాపీ చేశాను, చాలు.”

ఆంటీ అట. మహా అయితే పదేళ్లు చిన్నవాడు. తెలుగులో పేరు రాయమంటే మూడు తప్పులు రాసే మొహం, తనకు ఫాంట్ల గురించి చెప్పొచ్చాడు. హదస్సా మూతి ముడుచుకుని టీకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆయనగారి పని పూర్తయింది. హదస్సా మూడు నెలలు కూర్చుని కొట్టిన బొల్లారం చర్చి పాటల పుస్తకం తెరిచారు. రేపే ప్రెస్సుకు వెళ్లాలి. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు.

“ఫైల్ కరప్ట్ అయింది బావా. ఆవిడ సరిగ్గా సేవ్ చేసి ఉండరు” అన్నాడు జయకృష్ణ, రెప్పయినా వేయకుండా.

సత్యదేవ్ ముఖం పాలిపోయింది. “ఏంటి హదస్సా గారూ ఇది? పాస్టరుగారికి నేనేం చెప్పను?”

ఆమెకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లలో ఒక్క ఫైలు పోగొట్టిన మనిషి కాదు. ఫాంటు లేని ఫైళ్లను ఎన్నిసార్లు చూసిందో, ఏ గుర్తు ఏ అక్షరమో ఆమెకు కంఠతా వచ్చు. పాస్టరుగారి రాతప్రతిని సత్యదేవ్ చేతిలో పెట్టి, తెర మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

“నలభై రెండో పాట. నా చీకటి గదిలో దీపం పెట్టినవాడా...”

సత్యదేవ్ కాగితం తిప్పి చూసుకున్నాడు. అక్షరం పొల్లు పోలేదు. ఫైలు చివర్లో ఇంకో పేజీ తీయించాడు. అదీ చదివింది, ఈసారి రాగం కట్టి మరీ.

“ఫైలుకేం గాలేదు సార్. ఫాంట్లే లేవు. పాత డిస్కు ఏడ పెట్టినవ్ తమ్ముడూ?”

జయకృష్ణ చూపు వీధిలో మిర్చి బజ్జీల బండి పక్కనున్న చెత్త డ్రమ్ము మీదికి పోయింది.

“పో మరి. మెడల కార్డు తీసి పో, చట్నీల పడ్తది.”

వాడు డ్రమ్ములో నడుం దాకా వంగి వెతికాడు. చట్నీ అంటిన డిస్కు పట్టుకొస్తే ఆమె చెయ్యి చాపలేదు. వాడే సొంత రుమాలుతో తుడిచి, తగిలించి, ఫాంట్లు ఎక్కించాడు. తెర మీద తెలుగు వచ్చింది.

“ఇప్పుడు కనిపిస్తోందా మేడమ్?” అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

“నాకు ఇందాక సుత మంచిగనే కనబడ్డది” అని హదస్సా తన కుర్చీ లాక్కుంది.