పెచ్చు లేని అతుకు

నీకే చెబుతున్నా, అటూ ఇటూ చూడకు. కనబడే గోడకి రంగు వేసి, బీరువా వెనక గోడని వదిలేసిన మనిషివి నువ్వు. అడిగితే ఎవడు చూడొచ్చాడంటావు. ఆ మాటే అన్న ఒకడి సంగతి చెబుతాను, చెవి ఇటు పెట్టు.

వీధి చివరి వెల్డింగ్ షాపు ఓ అక్కాతమ్ముళ్లది. పొద్దున్నే అక్క వచ్చి షట్టరు ఎత్తేది. తమ్ముడు తీరిగ్గా టీ తాగి వచ్చేవాడు. తండ్రి వదిలివెళ్లిన పాత మిషను మూలన ముసలి ఎద్దులా గుర్రుమంటూ ఉండేది.

రాడ్డుతో ఇనుము అతికితే అతుకు మీద నల్లటి పెచ్చు కడుతుంది కదా. ఆ షాపులో మాత్రం అతికేటప్పుడు మనిషి ఏ మాట అంటే ఆ మాట ఆ పెచ్చులో చిక్కుకునేది. సుత్తితో కొడితే పెచ్చుతో పాటు రాలిపోయేది. సాయంత్రం షాపు ఊడిస్తే చేట నిండా గోల. తిట్లు, సగం పాటలు, ఆవలింతలు. అన్నీ తమ్ముడివే.

"నీ నోటికి ఈ చేట చాలడం లేదురా," అనేది అక్క, వాటిని డబ్బాలో పోసి మూత బిగిస్తూ.

"పనిచేసే నోరు అక్కా అది. ఆగదు."

ఒకరోజు రేవులో పడవ నడిపే పెద్దాయన వచ్చాడు. ఆయనది అల్యూమినియం పడవ. అడుగున నిలువునా పగిలింది.

"అవతలి ఒడ్డు పిల్లలు దీని మీదే బడికి రావాలి తల్లీ. సెలవులు అయిపోవచ్చాయి. వంతెన మీదుగా చుట్టు తిరిగి వస్తే బడి వదిలే వేళకి చేరతారు."

"మాది ఇనుము అతికే మిషను బాబాయ్."

"దాన్ని ఒప్పించు. నువ్వూ మీ నాన్నలాగే మొండిదానివేగా."

అక్క ఒప్పించింది. రాడ్డు పట్టే హోల్డరు తీసేసి, కరగని సూది ఉన్న టార్చ్ తగిలించింది. పక్కన ఆర్గాన్ గ్యాస్ సిలిండరు నిలబెట్టింది. ఆ మిషను కరెంటు క్షణంలో వందసార్లు దిశ మారుతుంది, మారినప్పుడల్లా మంట ఆరబోతుంది. ఆరకుండా మధ్యలో ఒక చిన్న పెట్టె కలిపింది. కరెంటు ఒక ఊపులో అల్యూమినియం పైపొరని చీలుస్తుంది, మరో ఊపులో లోహాన్ని కరిగిస్తుంది. తుక్కు గిన్నెల మీద అతికి అతికి చేయి కుదుర్చుకుంది. తమ్ముడికీ నేర్పింది.

"ఈ బ్రష్షు అల్యూమినియానికే. ఇనుము తోమిన బ్రష్షు దీన్ని తాకిందా, అతుకు పుచ్చిపోతుంది. గుర్తుందా?"

"ఉంది మహాతల్లీ, ఉంది."

అతుకు చివరి జానెడు మిగిలి ఉండగా, అమ్మని కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చి, అక్క ఆ పని తమ్ముడికి అప్పగించింది. అల్యూమినియం బ్రష్షు గుడ్డలో చుట్టి పై అరలో ఉంది. అందుకోవాలంటే నిచ్చెన వేయాలి. ఇనుప బ్రష్షు కాళ్ల దగ్గరే ఉంది. దాంతోనే నాలుగు రుద్దులు రుద్ది టార్చ్ పట్టాడు. కరిగిన లోహం చిటపటలాడింది, నల్లమచ్చలు తేలాయి, సూదిబెజ్జాలు పడ్డాయి.

"పైకి నున్నగా ఉంటే చాలు. లోపల ఎవడు చూడొచ్చాడు?" అని గొణుగుతూనే అతుకు పూర్తిచేసి, గ్రైండరుతో పైపైన మెరిపించాడు.

అలవాటుగా చేయి సుత్తి మీదికి పోయింది. కొట్టడానికి పెచ్చు లేదు. టార్చ్ పనికి పెచ్చు కట్టదు. ఓ పని తప్పిందని అతను సంతోషించాడు.

మర్నాడు పెద్దాయన పిల్లల్ని ఎక్కించుకునే ముందు ఖాళీ పడవ ఏట్లోకి దించాడు. తమ్ముడు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నడి ఏట్లో ఓ అల వచ్చి అడుగుని తట్టింది.

"పైకి నున్నగా ఉంటే చాలు," అంది పడవ, అచ్చం అతని గొంతుతో. "లోపల ఎవడు చూడొచ్చాడు?"

నీటి మీద మాట దూరం పోతుంది. అవతలి ఒడ్డున పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దాయన వంగి చూస్తే అతుకులోంచి సన్నగా నీరు కారుతోంది. పడవ వెనక్కి తిప్పాడు.

"చూళ్లేదురా అబ్బాయ్, నిజమే," అన్నాడు ఒడ్డెక్కి. "విన్నాం."

అక్క పడవని షాపుకి తెప్పించింది. ఆ జానెడు ముక్క కోసి తీసి, కొత్త రేకు పెట్టింది. ఈసారి తమ్ముడే నిచ్చెన ఎక్కి బ్రష్షు దించాడు, లోహం తెల్లబడేదాకా తోమాడు. టార్చ్ పట్టి అక్క తన చేతికి తానే చెప్పుకుంది: "నెమ్మది, నెమ్మది."

ఆ మాట పడవలో ఉండిపోయింది. అల తగిలినప్పుడల్లా "నెమ్మది, నెమ్మది" అనేది. ఎంత అల్లరి పిల్లలైనా అది విని కుదురుగా కూర్చునేవారు. ఆ ఏట్లో ఒక్క పిల్లవాడి పుస్తకం కూడా తడవలేదు.

కోసిన ముక్కని అక్క పారేయలేదు. తమ్ముడు పనిచేసే బల్లకి బిగించింది. సుత్తి పడితే చాలు, అది నోరు విప్పేది. గిరాకీల ముందు, చుట్టాల ముందు. అతను తోమడంలో, ఆకురాయి పట్టడంలో పేరు తెచ్చుకున్నాడు. పనికి వంక పెట్టినవాళ్లు లేరు. ఆ ముక్క మాత్రం ఊరుకోలేదు.

ఏళ్లు గడిచాక ఓ మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చిన అతని చిన్నకూతురు ఆ ముక్క మాట విని బల్ల దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, ఆ పాడుమాట ఎవరిది?"

అక్క టార్చ్ దించి తమ్ముడి వైపు చూసింది. సుత్తి పక్కన పెట్టి, తల దించుకుని అతనే చెప్పుకోవాల్సి వచ్చింది.

"నాదేనమ్మా."