గోడకు సరిపడే లెన్సు

అప్పడాల డబ్బా కోసం ఆ ఆదివారం పొద్దున్నే మాటా మాటా వచ్చింది. మూత బిగుతుగా పట్టే డబ్బా మా ఇంట్లో అదొక్కటే. ఆషాఢపు ముసురులో అప్పడాలు అందులో ఉంటేనే మెత్తబడకుండా ఉంటాయి. తీరా చూస్తే అప్పడాలు పళ్లెంలో న్యూస్‌పేపరు కప్పుకుని ఉన్నాయి. డబ్బాలో గుప్పెడు బియ్యం, బియ్యం మీద కొత్త పంచె ముక్కలో చుట్టిన లెన్సు.

"తేమకి లెన్సులో బూజు పడితే ఇక దాని పని అయిపోయినట్టే, తెలుసా?" అన్నారు మా ఆయన.

"అప్పడాలకి పడితే?"

"అప్పడాలు మళ్లీ కొనుక్కోవచ్చు."

"లెన్సులు మాత్రం మీరు మళ్లీ కొనడం లేదా?"

ఆయన డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

మా ఆయన పేరు నరసింహమూర్తి. ఉప్పల్‌లో ఒక బీమా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. నలభై ఆరేళ్ల దాకా పెళ్లిళ్లలో కూడా కెమెరా ముట్టుకోని మనిషి. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తేజేష్ మా పై వాటాలోకి అద్దెకు వచ్చాక ఇద్దరికీ కలిసి ఈ పిచ్చి పట్టుకుంది. దాని పేరు అర్బన్ ఎక్స్‌ప్లొరేషన్ అట. మూతపడ్డ ఫ్యాక్టరీలు, పాడుబడ్డ గోదాములు, ఎవరూ ఉండని పాత క్వార్టర్లు వెతుక్కుంటూ వెళ్లి ఫోటోలు తీయడం. నాచారంలో ఉండేవాళ్లకు ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు. ఇంట్లోంచి బయటికి వచ్చి ఎటు తిరిగినా ఒక తుప్పు పట్టిన గేటు కనిపిస్తుంది. పైగా వీళ్లు వెళ్లే ఫ్యాక్టరీకి వాచ్‌మన్ ఉన్నాడు. అతనే తాళం తీసి, లోపల లైట్లు లేవు జాగ్రత్త అని చెప్పి, చాయ్ తెప్పించి ఇస్తాడు. దాన్ని అన్వేషణ అని ఎలా అనాలో నాకైతే అర్థం కాలేదు.

అన్వేషణంతా మా హాల్లోనే జరిగేది. ఆదివారం పది గంటలకు తేజేష్ లాప్‌టాప్ పట్టుకుని దిగేవాడు. ఏ లెన్సు షార్ప్, ఏది సాఫ్ట్, ఏ బ్యాగు భుజానికి బరువు, ఏ ఫిల్టరు పెడితే ఆకాశం నల్లబడుతుంది, ఇవన్నీ ముఖాలు తెలియని మనుషులు రాసిన రివ్యూల్లోంచి చదివి ఒకరికొకరు వినిపించుకునేవాళ్లు. ఫ్యాక్టరీలో ఆకాశం ఎక్కడ కనిపిస్తుందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మొదట ఒక కెమెరా స్టాండు కొన్నారు. స్టాండు మోసుకు తిరిగేవాడు అన్వేషకుడే కాదని ఎవరో అమెరికావాడు రాశాడట. దాంతో స్టాండు ఫ్రిజ్ పక్కన చేరింది. తరువాత కోఠీ వెళ్లి, తక్కువ వెలుతురులో కూడా పనిచేస్తుందని పేరున్న యాభై ఎమ్.ఎమ్. లెన్సు తెచ్చారు. కెమెరాతో పాటు ఇచ్చిన మామూలు లెన్సును 'డబ్బా లెన్స్' అనేవాళ్లు. మా అమ్మాయి బిందుమాధవి పుట్టినరోజుకు కూడా దాన్ని వాడనివ్వలేదు.

ఆదివారాలు ఆయన ఒకచోట కూర్చుని ఉంటే వంటింట్లోకి వచ్చి పోపు గురించి సలహాలు చెప్పరు. ఆ ప్రశాంతత కోసం ఊరుకున్నాను. అది నా తప్పే. ఎందుకంటే ఈ కబుర్లన్నిటి వెనకా ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు.

అతను వాచ్‌మన్ మొగిలయ్య. ఆ ఫ్యాక్టరీలోనే ఇరవై రెండేళ్లు ఫిట్టరుగా చేసి, అది మూతపడ్డాక దానికే కాపలా ఉన్నాడు. స్థలం బిల్డరు చేతికి వెళ్లిపోయింది. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదని బిల్డరు నెల రోజులు ఆగాడు. శ్రావణం వచ్చిన మొదటి బుధవారం జేసీబీలు వస్తాయని అందరికీ తెలుసు.

నెల మొదట్లోనే మొగిలయ్య మా గుమ్మం దగ్గరికి వచ్చి మా ఆయన్ని అడిగాడు.

"సార్, మీరు గిన్ని ఫోటోలు తీస్తరు గదా. రెండో షెడ్డుల ఒక గోడున్నది. గది జర తీసియ్యుండ్రి. శ్రావణం బుధవారం దాటితె గోడ ఉండదు."

ఆ ఫ్యాక్టరీలో దసరాకి ఆయుధపూజ చేసేవాళ్లట. మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఏ మిషన్ మీద ఎవరు పనిచేస్తే వాళ్లు దాని వెనక గోడ మీద ఎర్ర రంగుతో పేరు, సంవత్సరం రాసేవాళ్లు. ఏటేటా రాసి రాసి ఇరవై అడుగుల గోడ నిండిపోయింది.

"మా అన్న కొమురెల్లి నన్ను పనికి వెట్టిచ్చిండు సార్. గప్పుడు నాకు రాయరాకపోయేది. నా పేరు గూడ మా అన్ననే రాసిండు. ఆయన పోయి పదకొండేండ్లాయె. ఆయన ఫోటో ఉన్నది ఇంట్ల. రాత లేదు."

"తప్పకుండా మొగిలయ్యా! అలాంటి గోడ కోసమే కదా మేం తిరిగేది," అన్నారు మా ఆయన.

ఆ తరువాత రెండు ఆదివారాలు ఆ గోడకు ఏ లెన్సు అన్న చర్చతో గడిచాయి. అప్పడాల డబ్బా కోసం గొడవ పడిన ఆదివారం మాత్రం నిజంగానే వెళ్లారు. మోకాళ్ల దగ్గర జేబులున్న ప్యాంట్లు వేసుకుని, నుదుటికి టార్చిలైట్లు కట్టుకుని, పట్టపగలు పదకొండు గంటలకు వెళ్లారు. రెండు గంటలకు తిరిగి వచ్చి, అన్నం ముందు పెట్టుకుని కెమెరా వెనక తెరలో చూసుకుంటూ, "అబ్బ, వెనకాలంతా మసకలోకి ఏం కరిగింది!" అని మురిసిపోయారు.

ఉప్పల్ చౌరస్తాలో స్టూడియోకి ఇచ్చి ప్రింటు వేయించి, మా ఆయనే స్వయంగా తీసుకెళ్లి మొగిలయ్యకు ఇచ్చి వచ్చారు. శుక్రవారం సాయంత్రం అతను ఆ ప్రింటు పట్టుకుని వచ్చాడు. తేజేష్ కూడా అప్పుడే ఆఫీసు నుంచి దిగి గుమ్మంలో ఉన్నాడు.

మొగిలయ్య ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూపించాడు. గోడకు కొట్టిన తుప్పు మేకు ఒకటి, దాని తల మీద సాలెగూడు పోగుతో సహా, ముట్టుకుంటే గుచ్చుకునేంత స్పష్టంగా ఉంది. మేకు వెనక ఎర్రటి మసక.

"మా అన్న పేరు ఏడున్నది సార్?"

"అదే దాని అందం మొగిలయ్యా," అన్నారు మా ఆయన. "పేర్లు కనపడీ కనపడకుండా ఉండాలి. కాలం తుడిచేసినట్టు."

"కాలం తుడవలే సార్. గోడ మీద మంచిగనే ఉన్నది. నిన్న గూడ సూసిన."

"అన్నా, అది ఆర్ట్ అన్నా," అన్నాడు తేజేష్. "ఫోరమ్‌లో పెడితే మస్తు లైక్స్ వచ్చినయ్. ఒకాయన కెనడా నుంచి మెచ్చుకున్నాడు."

"కెనడా ఆయనకు మా అన్న ఎర్కనా సారూ?"

తేజేష్ నవ్వేశాడు. మా ఆయన కూడా నవ్వారు. మొగిలయ్య నవ్వలేదు. ఫోటోను కవర్లో జాగ్రత్తగా పెట్టుకుని మెట్లు దిగాడు. ఇచ్చినవాళ్లను చిన్నబుచ్చకూడదనే మర్యాద అతనికి ఉంది.

నేను చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లాను.

"మొగిలయ్య గారూ, ఒక్క సంగతి చెప్పండి. ఆ గోడకు ఎదురుగా ఎంత జాగా ఉంది? ఎంత వెనక్కి వెళ్లి నిలబడొచ్చు?"

అతను రోడ్డు మీద అడుగులు వేసి చూపించాడు. "గింతనే అమ్మా. పది అడుగులుంటది. అటెన్క మిషన్ దిమ్మె అడ్డమొస్తది."

"వెలుతురు?"

"కప్పుల అద్దాలున్నయ్ గానీ దుమ్ము వట్టినయ్. తొమ్మిది, పదింటికి జర మంచిగుంటది."

ఇంతే. మూడు ఆదివారాలు, ఒక లాప్‌టాపు, ప్రపంచంలోని రివ్యూలన్నీ ఉండి కూడా ఈ రెండు ప్రశ్నలు ఆ ఇద్దరు మగవాళ్లకు తోచలేదు.

కెమెరాతో పాటు వచ్చిన పుస్తకం ప్లాస్టిక్ కవరు చింపకుండా అట్టపెట్టె అడుగున ఉంది. ఆ రాత్రి దాన్ని మొదటి పేజీ నుంచి చదివాను. గుడివాడలో బి.ఎస్సీ. చదివినప్పుడు కాంతిశాస్త్రం పేపరు నాకిష్టం. పేర్లు మారాయి గానీ విషయం అదే. లెన్సు కన్ను చిన్నది చేస్తే దగ్గరున్నదీ దూరంగా ఉన్నదీ రెండూ స్పష్టంగా వస్తాయి. చిన్నది చేస్తే వెలుతురు తక్కువ వస్తుంది. దానికి మందు ఎక్కువసేపు తెరిచి ఉంచడం. గోడ ఎక్కడికీ పరిగెత్తదు. స్టాండు మీద పెడితే కెమెరా కూడా కదలదు.

శనివారం వాన తెరిపిచ్చాక, ఆయన తలకి రంగు వేయించుకోవడానికి వెళ్లిన సమయంలో, బీరువాను నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీసి, స్టాండూ కెమెరా రెండు లెన్సులూ మేడ మీదికి తీసుకెళ్లాను. పిట్టగోడ మీద టేపు పెట్టి కొలిచి, సుద్దముక్కతో అడుగడుగుకీ గీత గీసి, పది అడుగుల దూరంలో కెమెరా నిలబెట్టాను. యాభై లెన్సులో ఐదు గీతలైనా పట్టలేదు. డబ్బా లెన్సును దాని మీద ఉన్న అన్నిటికన్నా చిన్న అంకె, పద్దెనిమిది మీదికి తిప్పితే పదమూడు గీతలు పట్టాయి. ఇరవై అడుగుల గోడకు రెండు ఫోటోలు చాలు. తరువాత కిందికి వచ్చి సామాన్ల గదిలో లైటు వేయకుండా గోడ క్యాలెండరును ఫోటో తీశాను. మీట నొక్కగానే కెమెరా కొంచెం వణుకుతోంది. పుస్తకంలో దానికీ దారి ఉంది. నొక్కిన రెండు సెకన్లకు దానంతటదే తీసుకునే ఏర్పాటు. అలా తీస్తే చవితి తిథి పక్కన దుర్ముహూర్తం గంటలు కూడా చదవగలిగాను.

మొగిలయ్యకు ఫోన్ చేసి ఒక మాట చెప్పి, కెమెరా ఉన్నచోట పెట్టేశాను. ఇంట్లో మాత్రం ఇంకా చెప్పలేదు. ఆ ఇద్దరూ తమ ఫోటో చూసుకుని సిగ్గుపడి, తామే మళ్లీ వెళ్తారేమో, ఆ ఒక్కరోజు అవకాశం ఇద్దామనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం తేజేష్ మా ఇంట్లోనే భోజనం. దోసకాయ పప్పు, వంకాయ కూర. మా ఆయన పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ గొంతు సవరించుకున్నారు.

"మొగిలయ్య విషయం మేం సీరియస్‌గా తీసుకున్నాం. లోపం ఎక్కడుందో తేలింది. మాకు ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్ లేదు."

"పది నుంచి ఇరవై ఎమ్.ఎమ్. అక్కా," అన్నాడు తేజేష్. "అది ఉంటే గోడేంది, షెడ్డు మొత్తం వస్తది. ఆర్డర్ పెట్టేసినం."

"ఎప్పుడొస్తుంది?"

"పది రోజులు," అన్నారు మా ఆయన.

"గోడ మూడు రోజుల్లో పోతుంది."

"బిల్డరుతో మాట్లాడతాం. హెరిటేజ్ అని చెప్పి ఒక వారం ఆపిద్దాం. ఏమంటావ్ తేజేష్?"

"ఈమెయిల్ పెడదామన్నా."

బిందుమాధవికి నవ్వు ఆగక మంచినీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకుంది. ఇద్దరు చదువుకున్న మగవాళ్లు, వంకాయ కూర నంజుకుంటూ, జేసీబీని ఈమెయిల్‌తో ఆపబోతున్నారు. చూసిన మూడు వారాలూ చాలనిపించింది.

నేను పెరుగు గిన్నె కింద పెట్టాను.

"రేపు తొమ్మిదింటికి గేటు తీసి ఉంచమని మొగిలయ్య గారికి చెప్పాను. గోడ ఫోటో నేను తీస్తాను. డబ్బా లెన్సుతో."

తేజేష్ తినడం ఆపి మా ఆయన వైపు చూశాడు.

"నువ్వా?" అన్నారు మా ఆయన. "ఆ లెన్సుతో ఆ చీకట్లో ఏమీ రాదు. నీకు ఎక్స్‌పోజర్ అంటే ఏమిటో తెలుసా?"

"నాన్నా, నీకు తెలుసా?" అంది బిందుమాధవి.

"పెద్దవాళ్ల మధ్య మాట్లాడకు."

"అది కాదు అక్కా," అన్నాడు తేజేష్ సర్దిచెబుతున్నట్టు. "పేర్లన్నీ క్లియర్‌గా వస్తే అందులో మూడ్ ఏముంటది?"

"మూడ్ ఉండదు తేజేష్. పేర్లుంటాయి. నూట పాతిక పేర్లున్నాయట, అన్నీ ఉంటాయి."

మా ఆయన విస్తుపోయి పప్పన్నం వేలితో కెలుకుతూ కూర్చున్నారు. రేపు ఆఫీసు ఉందనీ, ఆడది ఒక్కతే ఆ షెడ్డులోకి వెళ్లడం బాగుండదనీ, పాములు ఉంటాయనీ ఒక్కొక్కటే అన్నారు. పోయినవారం ఆ పాములు ఎక్కడికి వెళ్లాయని నేను అడగలేదు. అన్నీ అననిచ్చి, ఆయన విస్తట్లో పెరుగు వేస్తూ చెప్పాను.

"సెలవు పెట్టి మీరూ రావచ్చు. బ్యాగులూ టార్చిలైట్లూ వద్దు, చేతులూపుకుంటూ రండి. గోడ ముందు ఇనుప రేకులు పడి ఉన్నాయట, వాటిని పక్కకు లాగడానికి ఇద్దరు మనుషులు కావాలి."