రాణి అనని మాటలు

"ఐదు కారణాలు రాయాలమ్మా. జనానికి ఆవిడంటే ఎందుకంత హేట్ అని" అంటూ ఇషిత తెల్లటి ప్రాజెక్టు అట్టను తెచ్చి, సరిగ్గా నేను కరివేపాకు ఆరబెట్టిన తువాలు పక్కనే పరిచింది.

ఈ చలిదేశంలో మేముండే కనాటాలో, ఇండియన్ స్టోరుకు కరివేపాకు శుక్రవారం వస్తుంది. శనివారం పొద్దున్నే కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, ఆకు దూసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచితే నెలంతా వస్తుంది. ఒక్క చుక్క తడి మిగిలినా నల్లబడిపోతుంది. మా ఇంట్లో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కరివేపాకు ఫ్రీజర్లో దానంతటదే పుడుతుందని మిగతా ఇద్దరి నమ్మకం.

ఇషిత ఎనిమిదో గ్రేడు. బళ్ళో సగం చదువు ఫ్రెంచిలోనే. ఆ క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో చరిత్ర మనిషిని ఇచ్చారట, దీనికి ఫ్రెంచి విప్లవంలో తల పోయిన రాణి మేరీ ఆంటోనెట్ వచ్చింది. ఆ పేరు అది పలికే తీరు వేరు, నేను అనంతపురంలో హైస్కూలు పుస్తకంలో చదువుకున్న తీరు వేరు. నేను పలికినప్పుడల్లా నవ్వుతుంది. ఫ్రెంచి రాకపోయినా అట్ట మీద గీతలు కొట్టడం, బొమ్మలు కత్తిరించడం, జిగురు అంటించడం నా పనులు. ఇంగ్లీషు పుస్తకాలు లైబ్రరీ నుంచి తెచ్చి ముందుగా చదివి పెట్టడం కూడా. ఎమ్మెస్సీ బోటనీ చదివినదాన్ని, రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పినదాన్ని. ఏ పనైనా సగం తెలుసుకుని చేయలేను.

"ఒకటి, ఫారినర్. రెండు, బట్టలకీ నగలకీ ఖర్చు. మూడు, కేకు" అని వేళ్ళు మడిచింది ఇషిత.

"రొట్టె లేకపోతే కేకు తినమన్న మాట ఆవిడ అన్నదని రుజువు లేదు. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఎవరో ఒక రాణి అలా అందని ఒకాయన రాసుకున్నాడు. తర్వాత ఎప్పుడో తెచ్చి ఈవిడకు తగిలించారు."

"బట్ ఎవ్రీవన్ నోస్ షీ సెడ్ ఇట్!"

"అందరికీ తెలుసు కాబట్టి అన్నట్టేనా?"

పెళ్ళినాటికి ఆ రాణి పద్నాలుగేళ్ళ పిల్ల. ఆస్ట్రియా నుంచి పెళ్ళికూతురుగా తీసుకొచ్చారు. సరిహద్దు నదిలో ఒక దీవి మీద ఆమెను అప్పగించారు. వెంట వచ్చినవాళ్ళు అక్కడినుంచే వెనక్కి తిరిగిపోయారు. పెంచుకున్న కుక్కపిల్లను కూడా అక్కడే వదిలేయమన్నారని పుస్తకాల్లో ఉంది. ఆ పేజీ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. నన్ను ఎవరూ నది మధ్య నిలబెట్టలేదు. భీమవరం వాళ్ళింటికి కోడలిగా వెళ్ళాను, అంతే. అయినా మొదటి వారంలోనే మా అత్తగారు జానకమ్మగారు, "ఆ ఏమప్పా, ఏమ్మే అనే మాటలు ఇక్కడ వద్దు, వచ్చినవాళ్ళు నవ్వుతారు" అన్నారు. రాగిసంగటి చేస్తే మా ఆడపడుచు విశాలాక్షి వదిన ముద్దను వేలితో పొడిచి చూసి, "ఇది తినడానికా, గోడకి పూయడానికా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మాటలు మార్చుకున్నాను, సంగటి మానేశాను. పదహారేళ్ళవుతోంది. ఇప్పటికీ అక్కడ ఏదైనా తేడా వస్తే, "వాళ్ళ వైపు అంతే" అన్న మాట మాత్రం మారలేదు.

"రాజు మంచివాడేనంట కదా? మరి ఆయన్ని ఎందుకు వదిలేశారు?" అంది ఇషిత.

"వదిలేయలేదులే, చివరికి ఆయన తలా పోయింది. కానీ అంతకుముందు చాలా ఏళ్ళు తిట్లన్నీ ఆవిడకే పడ్డాయి. ఖజానా ఖాళీ అయింది యుద్ధాల వల్ల, అంతకు ముందు రాజుల అప్పుల వల్ల. ఆవిడ ఖర్చు అందులో కొంచెమే. అయినా లోటుకు ఆవిడ పేరే పెట్టారు. రాజు ఒక నిర్ణయం మీద నిలబడే మనిషి కాదు. ఆయన ఏది చేసినా, ఏది మానేసినా వెనక ఆవిడే ఉందనుకున్నారు. ఆయనకేమో వేట, తాళాలు తయారుచేసుకోవడం సరదా."

"నాన్న రేడియోస్ లాగా!"

ఇద్దరం నవ్వుకున్నాం. మా ఆయన మల్లికార్జున్‌కు పాత రేడియోలు బాగుచేయడం పిచ్చి. ఆఫీసులో పొద్దంతా నెట్‌వర్కులతో కుస్తీ పట్టి వచ్చి బేస్‌మెంట్‌లోకి దిగిపోతారు. కింద అతిథుల కోసమని కట్టించిన గది ఉంది. అందులో ఇప్పటికి ముప్ఫై ఒక్క రేడియోలున్నాయి. మంచం మీద కూడా రేడియోలే.

"అయితే షీ వాజ్ ఇన్నోసెంట్. అలాగే రాసేస్తా."

"అదీ కుదరదు. జూదం ఆడింది, దుబారా చేసింది, మార్పు రాకుండా అడ్డుపడింది, పుట్టింటి వాళ్ళకి యుద్ధం కబుర్లు అందించింది. చేసినవి రాయి. చేయనివి రాయకు. రెండు వరుసలు గీస్తాను" అని స్కేలు తీసుకున్నాను.

గీత గీస్తుంటే నా చెయ్యి నెమ్మదించింది. నేను చేసినవేమిటి, చేయనివేమిటి అనిపించింది. వదిన కొడుకు సాయి తేజ పెళ్ళికి మేం వెళ్ళలేదు. సెలవు దొరకలేదని ఈయన నాతో అన్నారు. ఆ తర్వాత అత్తగారు ఫోన్లో, "నీకు ఎండలు పడవటగా, అందుకే రాలేదటగా. అనంతపురం ఎండల్లో పుట్టినదానివి!" అన్నారు. ఏదో అపార్థమనుకుని ఊరుకున్నాను. ఆవిడ ఆరు నెలలుందామని ఇక్కడికి వచ్చి మూడు నెలలకే బయల్దేరినప్పుడు, ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకుని, "పోన్లే, నీ సంసారం నీ ఇష్టం" అన్నారు. ఎందుకన్నారో తెలియక దారంతా ఆలోచించాను. వదిన కూతురు వర్ష నిరుడు ఈ దేశంలోనే విండ్సర్‌లో కాలేజీలో చేరింది. నార్త్ యార్క్‌లో ఒక పెళ్ళిలో కలిసినప్పుడు, తన ప్లేటుతో పాటు నా ప్లేటు కూడా తీసి పడేసి వచ్చి, "అత్తయ్యా, మీ ఇంటికి రావాలనుంది" అని, వెంటనే నాలుక కరుచుకుంది. రమ్మన్నాను. రాలేదు.

ఎవర్నీ ఎదురు అడగలేదు. అడిగితే గొడవ పెట్టుకున్నట్టవుతుందని. ఆ ఊరుకోవడం మాత్రం నేను చేసినవాటి వరుసలోకే వస్తుంది.

పదిన్నరకు లైబ్రరీలో రంగు ప్రింట్లు తీసుకోవాలని బయల్దేరాం. రాత్రంతా కురిసి కారు మీద మంచు జానెడు ఎత్తు పేరుకుంది. ఈయన అప్పటికే చెవి దగ్గర ఫోను, రెండో చేత్తో మంచు బ్రష్షు పట్టుకుని కారు వెనకాల ఉన్నారు. నన్ను చూసి స్టార్ట్ చెయ్యమన్నట్టు బ్రష్షు ఊపారు. కారు వేడెక్కించడం నా వంతు. ఇషిత వెనక సీట్లో అట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అద్దాలన్నిటినీ మంచు కప్పేసింది. లోపల పాలగిన్నెలో కూర్చున్నట్టు తెల్లగా, మసకగా ఉంది. బటన్ నొక్కాను.

కారు నిండా విశాలాక్షి వదిన గొంతు.

"...అదేరా మల్లీ, ఝాన్సీ ఒప్పుకోనంటే నువ్వు మాత్రం ఏం చేస్తావులే. జనవరి నుంచి నాలుగు నెలలు మేనకోడల్ని ఇంట్లో పెట్టుకోడానికి కూడా రాణిగారి ఆజ్ఞ కావాలి! పిల్లకి కాలేజీ తరఫు ఉద్యోగం మీ ఊళ్ళోనే వచ్చిందని ఎంత సంబరపడ్డానో. సొంత మేనమామ ఉండగా ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో గది వెతుక్కుంటోంది. సరేలే, నీ తలరాత. హలో? మల్లీ, ఉన్నావా?"

ఆయన ఫోను కారును చూడగానే బ్లూటూత్‌లో దానికి అతుక్కుపోతుంది. రోజూ అంతే. బయట ఆయన, "అక్కా? హలో? సిగ్నల్ పోయినట్టుంది" అంటున్నారు. బ్రష్షు వెనక అద్దం మీద గీరుతున్న చప్పుడు.

"అమ్మా, డిడ్ యూ సే దట్?" అంది ఇషిత గుసగుసగా.

"లేదు."

"వర్ష అక్క వస్తోందా?"

"ఇప్పుడే తెలిసింది."

"దెన్ హూ..." అని ఆగిపోయింది. పదమూడేళ్ళ పిల్ల. చప్పుడు వస్తున్న వైపు తల తిప్పింది.

నాకు ఒక తలనొప్పి గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో స్నేహితులెవరో భోజనానికి పిలిస్తే ఈయన, "ఝాన్సీకి తలనొప్పి అని చెప్పేశాలే" అన్నారు. నాకు తలనొప్పి లేదు. ఈయనకు వెళ్ళడం ఇష్టం లేదు. ముద్దుగా అనిపించి నవ్వాను. ఆ తలనొప్పే ఎండలు పడకపోవడమైంది, అత్తగారిని పంపించడమైంది, ఇప్పుడు మేనకోడల్ని గుమ్మం బయట నిలబెట్టడమైంది. ఈయన చెడ్డవారు కారు. ఎవరికీ కాదని చెప్పలేరు, అంతే. చెప్పాల్సిన ప్రతి 'కాదు'నీ నా నోట్లో పెట్టి ఒడ్డున పడ్డారు. పదహారేళ్ళుగా భీమవరంలో ఒక ఝాన్సీలక్ష్మి తిరుగుతోంది. నా పేరే, నా మొహమే. ఆమె గురించి నాకు తప్ప అందరికీ తెలుసు.

కారు ఆపేసి, సాయంత్రం గదిలో తలుపేసుకుని అడగొచ్చు. అప్పుడేమంటారో తెలుసు. "మా అక్కకి కాదని ఎలా చెప్తాను? నీ పేరు చెప్తే ఇంక అడగదని." అక్కడితో అయిపోతుంది. వర్ష మాత్రం ఎవరింట్లోనో ఉంటుంది.

అసలు వర్ష రావడం నాకు ఇష్టమేనా? ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నన్ను నేనే అడిగాను. ఇష్టం లేకపోతే వద్దని నేనే చెప్పేదాన్ని. ప్లేటు తీసిన ఆ పిల్ల చెయ్యి గుర్తొచ్చింది. ఇష్టమే.

"హలో? వినపడుతోందిరా?" అంటోంది వదిన.

"వినపడుతోంది వదినా. నేను ఝాన్సీని."

"నువ్వా! మల్లి ఏడి?"

"బయట మంచు తీస్తున్నారు. ఫోను కార్లో కలిసింది. మీరన్నది మొత్తం విన్నాను. ఇషిత కూడా వింది."

"అది కాదే, ఏదో కడుపుమంటతో..."

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీరు విన్నదాన్ని బట్టి మీరన్నారు. వర్ష ఇక్కడికి వస్తోందని నాకు ఇప్పుడు మీ నోటినుంచే తెలిసింది. పదహారేళ్ళలో నేను అన్న మాటలు రెండున్నాయి. అత్తయ్యగారు వచ్చినప్పుడు నా వంటింటి డబ్బాల మీద పేర్ల చీటీలు పీకొద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. రెండోది, మీరు సంగటిని వెక్కిరించాక ఇంకెప్పుడూ మీకు వండిపెట్టనని మా అమ్మతో అన్నాను. అవి రెండూ నావే. మిగతావి నావి కావు."

వదిన, "ఎండల మాట కూడానా?" అంది మెల్లగా.

"మాది అనంతపురం వదినా."

అవతల పుసుక్కున నవ్వు. ఆపుకోబోయి ఆపుకోలేని నవ్వు. "వీడి తస్సాదియ్యా! మా అమ్మ అప్పుడే అంది, ఇదేదో తేడాగా ఉందే అని."

అప్పుడే ముందు అద్దం మీద బ్రష్షు ఒక అడ్డపట్టీ తుడిచింది. ఆ సందులోంచి ఈయన మొహం కనిపించింది. టోపీ మీదా కనుబొమల మీదా మంచు, చేతిలో పలకని ఫోను. నా పెదవులు కదలడం చూశారు. తలుపు తీసేసరికి వాళ్ళక్క నవ్వు ఆయన మొహానికి తగిలింది. ఫోను వైపు చూశారు, కారు వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఝాన్సీ, అది..."

"తలుపు వేసి కూర్చోండి. చలి వస్తోంది" అన్నాను. కూర్చున్నారు. బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది. ఇషిత వెనకనుంచి చెయ్యి చాపి ఆ బ్రష్షు తీసుకుంది.

"వదినా, మీ తమ్ముడు కూడా వింటున్నారు. వర్షను జనవరి ఒకటికల్లా రమ్మనండి. కింద గది ఉంది. అందులో రేడియోలున్నాయి, వాటిని ఈయనే గరాజ్‌లోకి మారుస్తారు. వంట మాత్రం నేనొక్కదాన్నే చేయను. సోమవారం, బుధవారం మీ తమ్ముడిది. శుక్రవారం వర్షది. వస్తూనే రాగిసంగటి పెడతాను, తినాలి మరి."

"మల్లి వంటా!" అంది వదిన. "అమ్మ నమ్మదే. ఇవన్నీ ఎవరన్నారని అడుగుతుంది."

ఈయన నా వైపు చూశారు. టోపీ తీసి, దాని మీది మంచు దులుపుకున్నారు. నేను వైపర్లు వేశాను. రెండు ఊపుల్లో మిగిలిన మంచు అంతా పక్కకు జారి, ఎదురుగా వీధి మొత్తం తెల్లగా, స్పష్టంగా కనిపించింది.

"ఝాన్సీ అందని చెప్పండి వదినా. ఈసారి నిజంగా నేనే అన్నాను."