మొగులయ్య నాలుకకు మూడు బీర్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది బాత్రూం. అందులో నాకే చోటు లేదు.

కారణం మా ఆయన వెంకట్. ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. పగలంతా ఊళ్ళోవాళ్ళ పెట్టెలు తూకం వేసి, ఇంటికొచ్చి బీరు కాచేవాడు. కాచేవాడంటే నిజంగానే కాచేవాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నేను పులిహోర కలుపుకునే పెద్ద గిన్నెలో ఉడకబెట్టి, వడగట్టి, చల్లార్చి, ఈస్టు వేసి, తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి మూత బిగించేవాడు. ఎండకు ఈస్టు పాడైపోతుందట! అందుకని డ్రమ్ముకు తడి గోనెసంచి చుట్టి బాత్రూంలో పెట్టాడు. గోనె ఆరితే మళ్ళీ తడపాలి. నేను స్నానానికి వెళ్తే, సబ్బు నురుగు డ్రమ్ము మీద పడకుండా చూడమని తలుపు బయట నిలబడి చెప్పేవాడు. నేను మిట్టమధ్యాహ్నం సాతంరాయి నుంచి శంషాబాద్ బజారుకు నడిచి వెళ్తే మాత్రం గొడుగు తీసుకెళ్ళమని ఒక్క మాట అనేవాడు కాదు.

"ఆబ్కారీ వాళ్ళు వస్తే నన్ను తలుచుకోకు, నేను తణుకులో మా పుట్టింట్లో ఉన్నానని చెప్పు" అనేదాన్ని.

"అమ్ముకోవడానికా సింధూ? తాగి చూడటానికి" అనేవాడు.

ఇదంతా బెంగళూరు నుంచి తగులుకొచ్చిన పిచ్చి. అక్కడ అప్పటికే కొన్ని హోటళ్ళలో వాళ్ళ బీరు వాళ్ళే కాచి పోస్తున్నారు, మన దగ్గరకు ఇంకా రాలేదు. ఆఫీసు పని మీద వెళ్ళి తాగొచ్చిన రోజు నుంచి ఈయన మనిషి కాకుండా పోయాడు. దానికి తోడు అలాంటి హోటలు ఒకటి వేసవి పోటీ పెట్టింది. ఇంట్లో కాచేవాళ్ళు ఒక్క రకం, ఒక్క సీసా పంపాలి. నెగ్గినవాడి బీరును ఆ ఎండాకాలమంతా వాళ్ళే కాచి అమ్ముతారు, గోడ మీద పలకపైన అతని పేరు రాసి.

ఆ పలక మీద పేరు కావాలి మా ఆయనకు. నేను ఎంత ఆటపట్టించినా ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళ ఇంట్లో మెచ్చుకోళ్ళన్నీ పెద్దకొడుక్కే. ఈయన చేసిన పని ఏదైనా "బాగుంది" అన్నవాళ్ళను నేను చూడలేదు. నేనూ అనలేదనుకోండి. అనే సందర్భం రావాలి కదా!

మూడు రకాలు చేశాడు. ఒకటి బంగినపల్లి మామిడిపండు గుజ్జుతో. ఇంకొకటి గోధుమలు, ధనియాలు, నిమ్మతొక్క వేసి. మూడోది సుగంధి వేళ్ళతో. ఆ ధనియాలదాన్ని వాసన చూసి నేను, "ఇది బీరా, చారా? ఇంగువ మర్చిపోయినట్టున్నావు" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆఖరి రోజు ఆదివారం. సాయంత్రం బెంగళూరు బస్సు శంషాబాద్‌లో ఆగుతుంది, అందులో సీసా పడాలి. మూడింట్లో ఏది పంపాలో ఈయనకు తేలడంలేదు.

"నాకు అన్నీ బాగానే ఉన్నాయనిపిస్తోంది. కాచినవాడి నాలుక పనికిరాదు. మొగులయ్య బాబాయి గారిని అడుగుదాం" అన్నాడు.

మొగులయ్య మా ఇంటి ఓనరు. కింద ఆయన, ఆయన భార్య చంద్రమ్మ ఉంటారు, పైన మేము కిరాయికి. ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఉన్న పొలంలో కొంత పోయినా, మనిషిలో దర్జా పోలేదు. ఊళ్ళో ఎవరి కల్లు బాగుందో ఆయన చెప్పాల్సిందే. గుక్కెడు తాగి, కళ్ళు మూసుకుని, ఇది పొద్దుటిదా నిన్నటిదా, ఈతదా తాటిదా చెప్తాడని ఆయనే మాకు చెప్పాడు. "ఎవలన్న అడుగుతె గద చెప్పాలె. అడగకున్న చెప్తడు" అంటుంది చంద్రమ్మ.

"సరే, ఒప్పందం. ఆయన ఒక్కటైనా బాగుందంటే బాత్రూం నీది. మూడూ బాగాలేవంటే ఆ డ్రమ్ము కాటేదాన్ పాత సామాన్ల కొట్టుకు పోతుంది" అన్నాను.

వెంకట్ తలూపాడు. నవ్వలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకిట్లో నిమ్మచెట్టు నీడన మంచం వాల్చారు. వెంకట్ మిగతావి పైనే ఉంచి, రకానికి రెండేసి సీసాలు ఐసు బకెట్లో పెట్టి కిందికి దింపాడు. మెట్ల మీద నా చెవిలో గుసగుసగా చెప్పాడు. "పోటీల్లో జడ్జీలు నోటితో ఏమీ అనరు. నచ్చనిదాన్ని పారబోస్తారు. ఇంటర్నెట్‌లో చూశాను. ఈయన ఏం చేస్తాడో చూడు, మాటలు పట్టించుకోకు. మనం పెట్టింది ఎలా ఉన్నా బాగుందనే అంటారు ఈ ఊళ్ళో."

అది మాత్రం నిజమే. నేను చేసిన గోంగూర పచ్చడిలో ఉప్పు రెండుసార్లు పడినప్పుడు కూడా చంద్రమ్మ "మస్తుగున్నది బిడ్డా" అంది.

మొగులయ్య తువ్వాలు భుజాన వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలాగా కూర్చున్నాడు. మామిడిది అందుకున్నాడు. గటగటా తాగేశాడు.

"మంచిగున్నది సారూ. తియ్యగున్నది."

"గుక్కెడు తాగి కళ్ళు మూసుకుంటనంటివి, గ్లాసు మొత్తం మింగినవేంది?" అంది చంద్రమ్మ.

"నువ్వు జర ఊకో. దీని కత వేరు."

తర్వాత సుగంధిది. అదీ తాగేశాడు. "గిది గూడ మంచిగనే ఉన్నది. కడుపు సల్లవడ్డది." చంద్రమ్మ కూడా ఒక గుక్క తాగి తల ఊపింది.

వెంకట్ మొహం వెలుగుతోంది. ధనియాలది పోశాడు. మొగులయ్య గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుక మీద చుక్క వేసుకున్నాడు. ఆ తర్వాత మంచం మీద నుంచి లేచాడు. చెప్పులు విడిచాడు. నిమ్మచెట్టు దగ్గరికి నడిచి, గ్లాసు వంచి, నేల మీద పోశాడు.

నేను వెంకట్ వైపు చూడలేకపోయాను. చూస్తే ఏముంది, "ఐసు తెస్తా" అంటూ అప్పటికే మెట్లెక్కేస్తున్నాడు. కింద బకెట్లో ఉన్న ఐసు ఇంకా కరగనేలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఏమన్నా అంటాను, చారంటాను, కషాయమంటాను, ఆయన నా మొగుడు. ఈయనెవరు, అందరి ముందూ నేలపాలు చెయ్యడానికి?

"బాబాయి గారూ, నచ్చకపోతే పక్కన పెట్టాల్సింది. అంత కష్టపడి చేసినదాన్ని పారబోస్తారా?" అన్నాను.

మొగులయ్య గ్లాసులో మిగిలినదాన్ని మెల్లగా, కళ్ళు మూసుకుని తాగుతున్నాడు. కళ్ళు తెరిచి నన్ను వింతగా చూశాడు.

"పారవోసుడేంది బిడ్డా? ఎల్లమ్మ తల్లికి సాక పోసిన."

"సాకా?"

చంద్రమ్మ అందుకుంది. "మీ దిక్కు లేదా బిడ్డా? కల్లు మంచిగుంటె ముందుగాల తల్లికి ఇంత భూమ్మీద పోస్తం. తల్లి తాగినంకనే మనం తాగాలె."

"మరి ఆ రెండింటికీ పోయలేదే?"

"అవి షర్బత్‌లు" అన్నాడు మొగులయ్య, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "పోరలు తాగుతరు. తల్లికి షర్బత్ పోస్తమా? గిది గట్ల కాదు. గిది పులిసింది, గొంతుల కారమున్నది, పొద్దుగాల దించిన ఈతకల్లు యాదికొచ్చింది. ఇంగో గ్లాసు పొయ్యమను సారును. యాడికి పోయిండు?"

ఎక్కడికి పోయాడో నాకు తెలిసిపోయింది. పైన బాత్రూంలో నీళ్ళ చప్పుడు.

మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. వెంకట్ తూము దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఖాళీ సీసాలు. ధనియాల వాసన గదంతా నిండిపోయింది. ఆఖరి సీసా చేతిలో తలకిందులుగా ఉంది, అందులోంచి నురుగు మాత్రం కారుతోంది.

"ఆపు! అది పారబోయడం కాదు, దేవుడికి పెట్టడం!" అని అరిచాను. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. వెంకట్ విన్నాడు. చేతిలో సీసా వైపు చూశాడు. తూము వైపు చూశాడు. "నాకు ముందే ఎవరూ చెప్పలేదు" అన్నాడు, అచ్చం చిన్నపిల్లాడిలా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది. కింద రకానికి రెండేసి సీసాలు కదా! తెరిచింది ఒకటే. ఇంకొకటి ఐసులోనే ఉంది.

ఇద్దరం దిగి వచ్చేసరికి బకెట్లో అది లేదు. మొగులయ్య దాన్ని తువ్వాలతో శుభ్రంగా తుడిచి, ఇంట్లో ఎల్లమ్మ గూట్లో పెట్టి, పసుపు బొట్టు కూడా పెట్టేశాడు.

"మంగళారం తల్లికి బోనం ఉన్నది. కల్లుతోని పాటు గిది గూడ పెడ్త. తల్లికిస్తనని మొక్కిన" అన్నాడు గర్వంగా.

నేను పోటీ సంగతి చెప్పాను. ఆ సీసా సాయంత్రం బస్సెక్కాలని, ఇంక వేరేది లేదని. చంద్రమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "ఒకరి సామాను ఒకరికి మొక్కుడేంది? అడిగినవా వాళ్ళను? గా సీసా ఇచ్చెయ్యి. తల్లికి నీ కల్లున్నది గద!"

మొగులయ్య దర్జా మొత్తం దిగిపోయింది. గూటి వైపు చూశాడు, వెంకట్ వైపు చూశాడు. "నాకేం ఎరుక... బొట్టు గూడ పెట్టిన సారూ. నువ్వు అడిగితె ఇస్త. తల్లితోని నేను మాట్లాడుకుంట" అన్నాడు.

తీసుకో అని నేను వెంకట్‌ను మోచేత్తో పొడిచాను. ఇంక బస్సుకు ఎంతో టైము లేదు.

వెంకట్ గూటి ముందు నిలబడ్డాడు. ఇత్తడి చెంబుకీ దీపపు ప్రమిదకీ మధ్యన వాడిపోయిన చేమంతుల పక్కన ఆయన సీసా. పసుపు బొట్టుతో.

"బాబాయి గారూ, నిజంగా అంత బాగుందా?" అన్నాడు.

మొగులయ్యకు కోపం వచ్చింది. "బాగలేంది తల్లికి పెడ్తనా? మొగులయ్య అంటె ఏమనుకున్నవ్?"

"అయితే ఉండనీండి" అన్నాడు వెంకట్. తువ్వాలు లేక చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"మామిడిది పంపుదామా?" అన్నాను నేను.

"షర్బతా? వద్దులే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

తెరిచిన సీసాలో ఇంకా సగం మిగిలి ఉంది. మొగులయ్య నలుగురికీ గ్లాసులు తెమ్మన్నాడు. నేను అప్పటిదాకా ఆ బీరు ఒక్క చుక్క ముట్టలేదు. చెప్పులు విడిచి, కొంచెం నేల మీద పోసి తాగాను. చల్లగా, పుల్లగా, చివర్లో ధనియాల ఘాటుతో గొంతు దిగింది. ఏదో విమానం మా నెత్తి మీదుగా పెద్ద చప్పుడుతో దిగుతోంది. అది పోయేదాకా ఆగాను, సరిగ్గా వినపడాలని.

"బాగుంది వెంకట్" అన్నాను.

"ఇంగువ తక్కువైందేమో?" అన్నాడు.

సాయంత్రం బస్సు బెంగళూరు దారి పట్టే వేళకు వెంకట్ మళ్ళీ గోధుమలు తూకం వేస్తున్నాడు, మంగళవారం బోనానికి అందదని తెలిసి కూడా. నేను బాత్రూంలోకి వెళ్ళి, డ్రమ్ముకు చుట్టిన గోనె ఆరిపోయి ఉంటే తడిపాను.